జస్‌బహదూర్ బిగింపులు

జస్‌బహదూర్ రాయ్‌కి ఒకటే జబ్బు. ఆయన పాత ల్యాండ్‌రోవర్‌లో ఎక్కినవాళ్ళు ఎవరైనా "అబ్బా" అన్నారంటే, మర్నాటికల్లా ఆ బండికి కొత్తగా ఏదో ఒకటి బిగించి ఉండేది. ఆ "అబ్బా" నొప్పికో, ఆవలింతకో, మంచుకొండ కనపడిందన్న సంబరానికో విచారించే ఓపిక ఆయనకి లేదు. మాట చెవిన పడగానే చెయ్యి స్పానర్ మీదికి పోయేది.

కొండ కిందున్న మానేభంజ్యాంగ్ ఊళ్ళో బళ్ళన్నీ తాతల పెళ్ళిళ్ళనాటివే. వాటిని రోజూ సందక్‌ఫూ కొండ ఎక్కించి దించడమే గగనం. తక్కిన డ్రైవర్లు బండి బతికుంటే అదే పదివేలనుకునేవారు. జస్‌బహదూర్ మాత్రం కూతురికి నగలు చేయించినట్టు దానికి సామాన్లు చేయించేవాడు.

ఒకసారి కలకత్తా నుంచి వచ్చిన ఓ పొడుగాటి పెద్దమనిషి తల పైకప్పుకి కొట్టుకుని "అబ్బా" అన్నాడు. మర్నాడు కప్పుకి లోపలివైపు పాత బొంత కుట్టేశాడు జస్‌బహదూర్. బొంత కిందికి వేలాడి, అంతవరకు తగలని పొట్టివాళ్ళ తలలు కూడా తగలడం మొదలెట్టాయి.

"ఏం బావా ఇది? అందరికీ తగులుతోంది!" అన్నాడు బావమరిది బీర్ఖమాన్.

"తగిలితే ఏం? మెత్తగానే తగులుతోందిగా."

ఇంకోసారి ఒక ముసలమ్మ కాళ్ళు కొంకర్లు పోతున్నాయని "అబ్బా" అంది. వెంటనే రేడియేటర్ నుంచి రబ్బరు గొట్టం లాగి సీటు కింద తిప్పాడు. వేణ్ణీళ్ళు పారి కాళ్ళు హాయిగా వెచ్చబడ్డాయి. అదే సీటు కింద బీర్ఖమాన్ పెట్టించిన వెన్న డబ్బా కూడా వెచ్చబడింది. కొండెక్కేసరికి డబ్బా ఉంది, వెన్న లేదు. బండి నేల మాత్రం వారం రోజులు నిగనిగలాడింది.

"నా వెన్నేది బావా?"

"ఏడవకురా. బండి ఎంత సాఫీగా ఎక్కిందో చూశావా?"

వైపర్ మోటారు చచ్చిపోయినప్పుడు దానికి తాడు కట్టి, ముందు సీటులో కూర్చున్నవాళ్ళ చేతికిచ్చాడు. వానొస్తే వాళ్ళు తాడు లాగుతూ ఉండాలి. ఎవరైనా గొణిగితే, "మీరే కదండీ ముందు సీటు కావాలన్నారు? పని దానితోపాటే వస్తుంది" అనేవాడు.

కెటిల్ పెట్టుకునే గూడు, గొడుగులు గుచ్చే గొట్టం, మడతమెట్టు, టోపీల కొక్కేలు, వీటన్నిటి మోతతో బండి కనపడకముందే వినపడేది. ఆ చప్పుడు వినే పైన తుమ్‌లింగ్‌లో టీ కొట్టువాళ్ళు ఎసరు పెట్టేవారు.

బీర్ఖమాన్‌కి ఇదంతా తలవంపులుగా ఉండేది. వాడికీ ఓ ల్యాండ్‌రోవర్ ఉంది. దానికి ఒక్క మేకు కూడా అదనంగా ఉండదు. పైగా వాడి ఖర్మకొద్దీ రోజూ ఆ మోగే బండి వెనకాలే వెళ్ళాలి. "కొండమీదికి ఇద్దరూ కలిసే వెళ్ళండి, కలిసే రండి" అని అక్క దిల్మాయా ఆజ్ఞ. ఆ ఇంట్లో దానికి తిరుగులేదు.

అన్నిటికన్నా వాడికి ఒళ్ళు మండించింది వెనక దీపం. పోయినేడు వానాకాలంలో జస్‌బహదూర్ పళ్ళెమంత పసుపుపచ్చ దీపం తెచ్చి బండి వెనక బిగించాడు. అదీ వెనక్కి తిప్పి.

బజారంతా పగలబడి నవ్వింది. "ఏం జస్‌బహదూర్, వెనకాల పెళ్ళి ఊరేగింపేమన్నా వస్తోందా?"

"అందంగా లేదూ?" అన్నాడాయన.

"నీ అందం నా కళ్ళల్లో పొడుస్తోంది బావా! తీసెయ్" అని అరిచాడు బీర్ఖమాన్.

మర్నాడు దీపాన్ని ఓ వేలెడు కిందికి దించాడు. తియ్యలేదు.

ఇలా ఉండగా బళ్ళ సంఘానికి చుంగ్దా షెర్పా కొత్త కార్యదర్శి అయ్యాడు. వచ్చీ రాగానే డ్రైవర్లందరినీ పిలిచాడు. "జనం ఎక్కడెక్కడినుంచో ఈ బళ్ళని చూడ్డానికొస్తున్నారు. పాతబండి పాతబండిలా కనపడాలి. అదనపు సామాన్లన్నీ పీకెయ్యండి. పీకనివాళ్ళకి వరసలో వంతు లేదు" అన్నాడు. అందరికీ చెబుతున్నట్టే చెప్పాడుగానీ చూపు మాత్రం జస్‌బహదూర్ మీదే ఉంది.

వంతు లేకపోతే పొయ్యి వెలగదు. దిల్మాయా తమ్ముణ్ణి పిలిచింది. "ఒరే తమ్ముడూ, నీ కాళ్ళు పట్టుకుంటాన్రా. మీ బావ చేత ఆ తగరాలన్నీ విప్పించు."

"నా కాళ్ళెందుకక్కా, స్పానర్ ఇటివ్వు" అన్నాడు బీర్ఖమాన్ చొక్కా చేతులు పైకి మడుస్తూ.

ఇంత సరదా పని వాడికి ఎన్నడూ దొరకలేదు. బొంత చింపాడు, గొట్టం లాగాడు, కొక్కేలు ఊడబెరికాడు. జస్‌బహదూర్ ఒక్కోటీ అందుకుని గోనెసంచిలో వేసుకున్నాడు. వెనక దీపం దగ్గరికొచ్చేసరికి మాత్రం దానిమీద చెయ్యి వేశాడు.

"ఇదొక్కటీ ఉంచరా."

"అన్నిట్లోకీ దిక్కుమాలింది ఇదే బావా! ఎందుకిది?"

"ఊరికే. ఉంటే బాగుంటుంది."

"చుంగ్దా గారితో కూడా ఇదే చెబుతావా?"

జస్‌బహదూర్ నిట్టూర్చి చెయ్యి తీశాడు. బీర్ఖమాన్ దీపం విప్పేశాడు.

మర్నాడు బండి బోసిమెడతో వరసలో నిలబడింది. చుంగ్దా దాని చుట్టూ తిరిగి "ఇదీ బండంటే!" అన్నాడు. సిలిగురి నుంచి వచ్చిన కొత్త దంపతులు, వాళ్ళతోపాటు వచ్చిన అత్తగారు అందులో ఎక్కారు. వెనక బీర్ఖమాన్ కూరగాయల బస్తాలు వేసుకుని బయల్దేరాడు. ముందు బండి చప్పుడు చెయ్యకుండా పోతుంటే వాడికి ప్రాణం లేచొచ్చింది. ఆ ప్రాణం దారిలోని మేఘ్మా అనే పల్లె దాకా బాగానే ఉంది.

మేఘ్మాలో పొగమంచు దిగింది. మామూలుగా దిగలేదు, పాలగిన్నె బోర్లించినట్టు దిగింది. బావ బండి మాయమైంది. కాసేపటికి తన బండి ముందు చక్రాలు కూడా మాయమయ్యాయి. ఎడంపక్క లోయ. బీర్ఖమాన్ తల బయటపెట్టి చూశాడు.

ఇక్కడే, ఈ మలుపులోనే, పోయినేడు వాడి చక్రం ఒకటి అంచు దాటి గాల్లో తిరిగింది. ఎలాగో బయటపడి కొండెక్కాడు. అక్కకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. టీ కొట్టులో బావ పక్కన కూలబడి, ఒకే ఒక్క మాట అన్నాడు. "అబ్బా."

ఆ తర్వాత మళ్ళీ ఇక్కడ భయం ఎందుకు వెయ్యలేదు? మంచు దిగనిదెప్పుడని? దిగినప్పుడల్లా ముందు ఓ పసుపుపచ్చ మరక కదులుతుండేది. దాన్ని తిట్టుకుంటూ, అది తిరిగినచోటల్లా తను తిరిగేవాడు.

బీర్ఖమాన్ బండి ఆపేశాడు.

మంచులోంచి అడుగుల చప్పుడు వినపడింది. జస్‌బహదూర్ కొండవైపు గోడ తడుముకుంటూ వచ్చాడు. "ఆగావా? మంచిపని చేశావు."

"బావా, ఆ దీపం..."

"ఏ దీపం?"

"వెనకది. నాకోసం పెట్టావా?"

"నీకోసమెందుకురా? అందం కోసం." జస్‌బహదూర్ టైరుని కాలితో తన్ని చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పుంటే తిట్టేవాణ్ణి కాదుగా!"

"చెబితే నా వెనకాల వస్తావా? పౌరుషానికి పోయి నన్ను దాటేసి ముందు పోతావు. తిడితే తిట్టావులే. వెనకాల ఉన్నావు, అది చాలు."

ఇప్పుడీ మంచులో ఎలా పోవాలో బీర్ఖమాన్‌కి తోచలేదు. జస్‌బహదూర్‌కి తోచింది. "నేను మెల్లగా పోతూ పాడుతుంటాను. పాట వెంట రా. ఎడమ మలుపైతే గట్టిగా అందుకుంటాను, కుడి మలుపైతే దగ్గుతాను."

జస్‌బహదూర్ పాడితే ఇంట్లో కోళ్ళు గుడ్లు పెట్టవని దిల్మాయా ఆయన నోటికి ఏనాడో తాళం వేసింది. ఆవేళ ఆ తాళం ఊడింది. ఎడమ మలుపులో ఆయన అందుకున్న గొంతుకి సిలిగురి అత్తగారు చెవులు మూసుకుంది. సంగతి చెప్పాక ఆవిడే జాలిపడి, తనకొచ్చిన బెంగాలీ పాట ఎత్తుకుంది. కొత్త దంపతులు చప్పట్లు కొడుతూ గొంతు కలిపారు. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోతున్నా, బళ్ళు రెండూ ఒకే దారిలో తుమ్‌లింగ్ చేరాయి.

కొండ దిగిన మర్నాడు పొద్దున్నే బీర్ఖమాన్ స్పానర్ పట్టుకుని బావ బండి వెనక చేరాడు. దీపం పెట్టి బోల్టులు బిగిస్తుంటే చుంగ్దా పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, అదనపు సామాన్లు వద్దని చెప్పలేదూ? మళ్ళీ జస్‌బహదూర్ మొదలెట్టాడా?"

"ఇది బావ బండి సామాను కాదండీ. నా బండిది."

"నీ బండిదైతే ఆయన బండికి బిగిస్తావేం?"

"నా బండికి ముందు దీపమండీ ఇది" అన్నాడు బీర్ఖమాన్ ఆఖరి నట్టు తిప్పుతూ. "కాస్త ఎక్కువ ముందుకి బిగించుకున్నాను, అంతే."

చుంగ్దా దీపాన్ని చూశాడు. వెనక నిలబెట్టిన బీర్ఖమాన్ బండిని చూశాడు. మధ్యలో ఉన్న ఖాళీని చూశాడు.

"అయితే మీ రెండు బళ్ళూ కలిపి ఒక్కటే అనుకోమంటావా?"

"అనుకోండి."

"సరే, మంచు దిగితే మా బండి కూడా మీ వెనకాలే వస్తుంది" అని గొణిగి వెళ్ళిపోయాడు చుంగ్దా.

ఇంత జరుగుతున్నా జస్‌బహదూర్ బయటికి రాలేదు. నూనె కారుతోందని వంకపెట్టి బండి కింద దూరాడు. బయటికి కనపడుతున్నవి ఆయన బూట్లు రెండే. అవి మాత్రం ఆపుకోలేని నవ్వుతో అదురుతున్నాయి.