గతించు అనే మాట

మొన్న పంజగుట్టలో పాత పుస్తకాల కుప్పలోంచి ఒక పర్యాయపద నిఘంటువు తీసి తెరిచాను. ఆ మగ్గిన కాగితం వాసనకి, అమీర్‌పేట బడిలో ఐదో తరగతి గుర్తొచ్చింది.

టీచర్ "మా నాన్న" మీద వ్యాసం రాయమన్నారు. నాన్న లారీ డ్రైవర్. ముందు రోజే సరుకుతో విజయవాడ బయలుదేరాడు. "పోయిండు" అని రాస్తే టీచర్ ఎర్ర సిరాతో కొట్టేస్తారు. అందుకే బడి నిఘంటువులో "పోవు" వెతికాను. అక్కడున్న మాటల్లో "గతించు" అన్నిటికన్నా గొప్పగా అనిపించింది. "మా నాన్న నిన్న గతించారు" అని గుండ్రంగా రాశాను.

టీచర్ చదివి నన్ను దగ్గరికి తీసుకున్నారు. "అయ్యో తల్లీ, ఎలా జరిగింది?"

"లారీలో, టీచర్" అన్నాను గర్వంగా.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే పక్కపిల్ల నా చెవిలో చెప్పింది. "గతించుడంటే సచ్చిపోవుడే."

రాసింది నిజమైపోతుందని నమ్మే వయసు నాది. ఇంటికొచ్చాక అమ్మకు చెప్పలేదు. ప్రతి లారీ హారన్‌కీ గుమ్మంలోకి పరుగెత్తాను.

చీకటి పడే వేళకు నాన్న వచ్చాడు. చొక్కా పట్టుకుని ఏడుస్తూ అంతా చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"రేపు నేనే వచ్చి మీ టీచర్‌కు కనవడ్త. ఏడ్వకు బిడ్డా. నేను బండెక్కినప్పుడల్లా మీ అమ్మకు సుత గిదే భయం."

నాన్న ఊళ్ళో లేనప్పుడు ఫోన్ మోగితే, ఎత్తే ముందు అమ్మ ఒక్క క్షణం ఆగేది. ఎందుకో అంతవరకూ నాకు తెలియదు.