రాగి చెంబులా మెరిసిన తూటా

మొన్న సాయంత్రం మా మనవరాలు టీవీలో ఏదో సీరియల్ చూస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అందులో ఒక డాక్టరు ఎవరి భుజంలోంచో ఇనుప పటకారుతో తూటాను పట్టి లాగి, స్టీలు పళ్లెంలో ఠంగుమని పడేశాడు. అంతే, ఒళ్లు మండిపోయింది. "అట్ల పడెయ్యొద్దురా సన్నాసీ!" అని టీవీ మీదే కేకేశాను. మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వు ఆమెది, నా బాధ నాది. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. వంటింట్లోకి వెళతాను, ఎందుకు వెళ్లానో గుర్తుండదు. పడుకుంటే లేవబుద్ధవుతుంది, లేస్తే పడుకోబుద్ధవుతుంది. ఉన్న సంగతి ఎవరితోనైనా చెప్పుకుంటే కాస్త నెమ్మదిస్తుందేమోనని, నా ఈడు వాళ్లకైతే అర్థమవుతుందని, ఇలా రాయడానికి కూర్చున్నాను.

మాది పూడూరు వైపు ఒక చిన్న పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవారు. అమ్మ తొందరగా పోయింది. అప్పుడు మా మేనమామ నన్ను వికారాబాదుకు తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకుని, మిషన్ బడిలో చదివించి, నర్సు చేశాడు. వాళ్లకు పిల్లల్లేరు. అత్తమ్మ ఒక ఆస్పత్రిలో ఆయా. నేను కూడా చదువు కాగానే అక్కడే ఆపరేషన్ గదిలో చేరాను. ఇంట్లో ఆమె చెప్పినట్టు నేను వినాలి, గదిలో నేను చెప్పినట్టు ఆమె వినాలి. ఈ ఏర్పాటు ఇద్దరికీ నచ్చేది కాదు, మామకు మాత్రం తగని నవ్వు. ఆయన మిలటరీలో చేసి వచ్చి, తాండూరులో ఒక బండల గనికి కాపలా ఉండేవాడు. పొద్దున ప్యాసింజరులో పోయి సాయంత్రం ప్యాసింజరులో వచ్చేవాడు. మీసాల మీద, కనుబొమల మీద బండల దుమ్ము తెల్లగా పేరుకుని, దిగేసరికి పదేళ్లు పెద్దవాడిలా కనిపించేవాడు. ముఖం కడుక్కుంటే మళ్లీ మా మామే.

ఆయన దగ్గర లైసెన్సు ఉన్న రైఫిల్ ఒకటి ఉండేది. కంది కాయపట్టే రోజుల్లో అడవి పందులు చేలు పాడుచేస్తున్నాయని పెద్దేముల్ వైపు రైతులు వచ్చి బతిమాలుకుంటే, సెలవు రోజున పోయి కాపలా కాసేవాడు. అప్పట్లో ఇప్పుడున్నన్ని కట్టుబాట్లు ఉండేవి కావు, ఉన్నా అడిగేవాడు లేడు. ఆ ఏడు అలాగే పోయాడు. అదే చేలల్లోకి అక్కడి పటేలు గారి చుట్టం ఒకాయన కూడా వేట సరదాతో వచ్చాడు. ఆయన చేతిలోనూ అచ్చం మామ దగ్గర ఉన్నలాంటి రైఫిలే. తెల్లవారి మంచులో పందుల మంద కదిలిందని ఇద్దరూ చెరొక వైపునుంచి ఒక్కొక్క తూటా కాల్చారు. రెండు మోతలు వినిపించాయి. ఒక తూటా ఏ మట్టిలోకో పోయింది. రెండోది గట్టు మీద గొర్లను తోలుకొస్తున్న ఒక గొర్లకాపరి తొడలో దిగింది.

ఆ మనిషిని ట్రాక్టరులో వేసుకుని, తన తువ్వాలతో గాయం అదిమి పట్టుకుని, తాండూరు మీదుగా మా ఆస్పత్రిదాకా తెచ్చింది మా మామే. పోలీసులు రెండు తుపాకులూ పట్టుకుపోయారు. పటేలు గారి చుట్టం తరఫున మాట్లాడడానికి జీపుల మీద జనం వచ్చారు. మామ తరఫున మాట్లాడేది మామ ఒక్కడే. ఆపరేషన్ గది బయట గోడకు ఆనుకుని, బట్టల నిండా పరాయి మనిషి నెత్తురుతో నిలబడి, నన్ను చూసి అన్నాడు.

"అది నా గోలి కాదు బిడ్డా. నేను వాగు దిక్కు, ఒర్రె గడ్డకు కొట్టిన, నా కండ్లతోని జూసిన. మీ సార్‌కు జెప్పు, గోలి మంచిగ దీయుమను. అదే జెప్తది ఎవనిదో."

ఆయన అన్నది నిజమే. మా పెద్ద డాక్టరు గారు ఆ విషయంలో చాలా పట్టింపు మనిషి. తుపాకీ గొట్టం లోపల మెలికలు మెలికలుగా గాడులుంటాయనీ, వాటిని ఒరుసుకుంటూ వచ్చిన తూటా ఒంటి మీద సన్నటి గీతలు పడతాయనీ, ఒక తుపాకీ గీతలు ఇంకొక తుపాకీవి కావనీ, మన వేలిముద్రల్లాగేననీ నాకు అంతకుముందే చెప్పి ఉన్నారు. నగరంలోని ప్రయోగశాలలో పట్టుకున్న తుపాకీని పొడవాటి నీళ్ల తొట్టిలోకి కాల్చి, గీత చెదరకుండా నీళ్లలోంచి ఆ తూటాను ఏరుకుని, ఒంట్లోంచి తీసినదాని పక్కన పెట్టి చూస్తారట. అందుకని ఇనుము తగలకూడదు. ఆయన పటకారు రెండు కొసలకూ రబ్బరు గొట్టం ముక్కలు కోసి నా చేత తొడిగించారు. పళ్లెంలో నాలుగు మడతల గాజుగుడ్డ పరిపించారు. గాయాన్ని వెడల్పు చేసి, వేలితో తడిమి, చంటిపిల్లను ఎత్తినట్టు మెల్లగా పట్టి తీసి, చప్పుడు లేకుండా ఆ గుడ్డ మీద పెట్టారు. రాగి తొడుగు తూటా. ఎముకకు తగలకుండా కండలో ఆగిపోయిందేమో, కాస్త కూడా వంకర పోలేదు. నెత్తురు కింద ఆ గీతలు నా కంటికే కనిపించాయి. డాక్టరు గారు చెయ్యి కూడా కడుక్కోకుండా మెచ్చుకోలుగా తల ఊపారు. తడి ఆరేదాకా గాలికి పెట్టమనీ, ఆరాక దూదిలో చుట్టి డబ్బాలో పెట్టమనీ, ఎవరినీ ముట్టనివ్వద్దనీ నాకు అప్పగించి, గాయానికి కట్టు కట్టాక రోగితో పాటు వార్డుకు వెళ్లారు.

ఇక్కడే నా తెలివి తక్కువతనం. కాదు, నా తెలివి ఎక్కువతనం. మామ బయటపడతాడన్న ఆత్రం, నాకు ఇంత తెలుసునన్న గొప్ప, రెండూ కలిసి నోరు ఊరుకోనివ్వలేదు. గది కడగడానికి వచ్చిన అత్తమ్మకు ఆ తూటా చూపించి, ఇవిగో ఈ గీతలే రేపు అంతా చెబుతాయని, ఎలా చెబుతాయో కూడా పాఠం చెప్పినట్టు వివరంగా చెప్పాను. ఆమె వంగి చూసింది, ఏమీ అనలేదు. రోగికి సెలైన్ మార్చాలని వార్డులోంచి పిలుపొస్తే వెళ్లాను. గట్టిగా పావుగంట కూడా కాలేదు.

తిరిగొచ్చేసరికి గాజుగుడ్డ మీద తూటా ధగధగ మెరుస్తోంది. అత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. గోళ్ల కింద ఎర్రటి ఇటుకపొడి. ఆయాలు గిన్నెలు తోముకునే వెనకాల కుళాయి దగ్గర కూర్చుని, చింతపండు, ఇటుకపొడి వేసి, పండక్కి రాగి చెంబు తోమినట్టు తోమేసింది. ఆ సన్నటి గీతల్లో ఒక్కటీ మిగల్లేదు.

"గీతలు లేకుంటె ఎవ్వనిదో ఎట్ల దెలుస్తది? ఈ నడ్మ మీ మామకు చెయ్యి వణుకుతున్నది, నీకెర్కలేదు. నువ్వు గమ్మునుండు," అంది.

గమ్మునున్నాను. డాక్టరు గారు వచ్చి చూసి, ఇది ఎవరు కడిగారని అడిగితే, పనిముట్లతో పాటు పొరపాటున నేనే తోమేశానని చెప్పాను. నా జీవితంలో నేను ఆడిన పెద్ద అబద్ధం అదే. ఆయన కేకలేస్తే బాగుండేది. రబ్బరు తొడిగిన పటకారు వంక, నా వంక మార్చి మార్చి చూసి, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి, అడుగున తన సంతకం పెట్టి, ఆ పనికిరాని తూటాను అంత జాగ్రత్తగానూ దూదిలో చుట్టి పంపించారు. ఆ తరువాత ఆయన మళ్లీ ఎప్పుడూ నాకు ఏదీ వివరించి చెప్పలేదు. ఆ శిక్ష చాలు.

నెలలు గడిచాక ప్రయోగశాలవాళ్లు ఏమీ తేల్చలేమని రాశారు. ఈలోగా పోలీసులు మామను పట్టుకుపోవడం, బెయిలు, వాయిదాలు, తాండూరులో కొలువు పోవడం అన్నీ అయ్యాయి. చివరికి రుజువు లేదని వదిలేశారు. వదిలేశారు గానీ, నువ్వు కాదని ఎవరూ అనలేదు. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో అనుభవించినవాళ్లకు తెలుస్తుంది. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు కాస్త జరిగి కూర్చునేవారు. మామ మాత్రం, గోలి పాడైపోయింది గానీ లేకుంటే నిజం చెప్పేదని కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. నేను తల వంచుకుని పక్కకు తప్పుకునేదాన్ని.

తీర్పు అయిన వారం ఆదివారం, అత్తమ్మ కోడి కూర వండింది. సంతోషం పట్టలేక నోరు జారింది. "నేను గిట్ల తోమకుంటె నువ్వు ఇయ్యాల జైల్ల ఉంటుంటివి," అని. మామ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అంటె నేనే కొట్టిననుకున్నవా?" అన్నాడు. ఆమె కూర గిన్నె మీద మూత పెట్టింది. మామ నా వైపు తిరిగాడు. "నీకు గూడ ఎర్కనా బిడ్డా?" తల ఊపాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. చెయ్యి కడుక్కుని లేచి వెళ్లి, చెప్పులేసుకుని నేరుగా రైలు స్టేషనుకు పోయాడు. వెంట పరుగెత్తాను. వద్దనలేదు, రమ్మనలేదు. తాండూరులో దిగి, పెద్దేముల్ ఆటోలో ఇరుకుని, ఆ గొర్లకాపరి ఇంటికి పోయాం.

ఆ మనిషి వాకిట్లో కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆ కాలు మళ్లీ సరిగా మడవలేదు, గొర్ల వెంట పోలేదు. ఆయన భార్యే మందను తోలుతోంది. మామ ఎదురుగా నేల మీద కూర్చుని, అది నా గోలి కాదని చెప్పడానికి వచ్చానన్నాడు, గోలి పోయింది కాబట్టి ఇక నా మాట తప్ప నా దగ్గర ఏమీ లేదన్నాడు. ఆ కాపరి చాపిన కాలును చేత్తో పక్కకు జరుపుకుని మామ వైపు తిరిగాడు.

"కొట్టినోడు నన్ను ట్రాక్టర్ల ఏస్కొస్తడా? నా మొకం జూడనీకె ఈడిదాంక వస్తడా? నువ్వు కాదంటె కాదు. ఫికర్ జెయ్యకు, పో," అన్నాడు.

మామ అక్కడే, పరాయి వాకిట్లో, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే. ఆ తరువాత తుపాకీ తిరిగిచ్చినా తీసుకోలేదు. ఇంట్లో అత్తమ్మతో పలికేవాడు, తినేవాడు, పండగకు చీర తెచ్చేవాడు. అంతా మామూలుగానే ఉండేది. కానీ ఆ ఇంట్లో ఆయన మళ్లీ నవ్వడం నేను వినలేదు. ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు వికారాబాదు జిల్లా అయింది. నేను చేరిన గది పడగొట్టి పెద్ద భవనం కట్టారు. మా చెల్లెలి వరసామె కూతురు అలాంటి ప్రయోగశాలలోనే పనిచేస్తోంది. ఇప్పుడు తూటా డాక్టరు చేతిలోంచి నేరుగా డబ్బాలోకి పోతుందనీ, అప్పటికప్పుడే సీలు వేసి ఎవరు ఎవరికి ఇచ్చారో సంతకాలు పెడతారనీ, చుట్టాలను గది దరిదాపులకు కూడా రానివ్వరనీ ఆ పిల్ల చెప్పింది. మంచి పద్ధతి. ఇప్పుడు ఎవరి నిజమూ ఇంకొకరి నమ్మకం మీద ఆధారపడి లేదు. మా రోజుల్లో మనిషిని మనిషే నమ్మాలి, నమ్మకపోతే ఇక దిక్కులేదు.

ఒక మాట మీకు చెప్పకుండా దాచాను. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు అత్తమ్మ తూటా మీదికి వంగి చూసి ఏమీ అనలేదని రాశాను గదా, అది అబద్ధం. లేచి, నా కళ్లలోకి చూసి, ఇది మీ మామది కాదని నీకు నమ్మకమేనా అని అడిగింది. అవునని ఒక్క మాట అంటే ఆమె ఆ తూటాను ముట్టుకునేది కాదు. నన్ను పెంచినవాడు, అబద్ధం ఆడగా నేను ఎన్నడూ చూడనివాడు, గోడ అవతల నిలబడి నామీదే భారం వేసి ఉన్నాడు.

"ఏమో అత్తమ్మా," అని వార్డుకు వెళ్లిపోయాను.