లోపలి గడియ

నరసరావుపేటలో మాకు కుట్టు సామాన్ల కొట్టు ఉండేది. అక్కడికి వారానికోసారి వచ్చే ఒక మాజీ సైనికుణ్ణి నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. గుండీలు గానీ, జాకెట్ హుక్కులు గానీ నాలుగు అరచేతిలో పోసుకుని, కళ్లు రెండూ మూసుకుని, ఒక్కొక్కదాన్నే వేళ్ల మధ్య తిప్పేవాడు. ఏరుకునేటప్పుడు ఎవరైనా కళ్లు పెద్దవి చేసి చూస్తారు. ఈయన పద్ధతి నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఇంతకీ ఏం కుడుతున్నావు బాబాయ్?"

మర్నాడు అట్టపెట్టెలో జానెడు యుద్ధ ట్యాంకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. డబ్బారేకు కత్తిరించి చేసింది. నేనమ్మిన టిచ్ బటన్ దానికి పైమూత అయింది. పూసలు దీపాలయ్యాయి.

"అంతా అయిందమ్మాయ్. మూతకి లోపలేపు గడియ ఒక్కటే కుదర్లా."

"లోపలిది ఎవరికి కనపడుద్ది బాబాయ్?"

"నాక్కూడా కనపడలేదమ్మా. ఇట్టాంటి బండే తోలేవాణ్ణి. ఒకసారి లోపలంతా పొగ కమ్మింది. ఆ చీకట్లో గడియ కోసం చానాసేపు తడుముకున్నా. దాని వంపు నా వేళ్లకే తెలుసు."

ఇద్దరం కలిసి డబ్బాలన్నీ వెతికాం. చివరికి చంటిపిల్లల గౌనుకు వేసే సన్నటి హుక్కు ఒకటి దొరికింది. దాన్ని తడుముతూ తడుముతూ ఆయన వేళ్లు ఆగిపోయాయి.

"ఇదే" అన్నాడు.

పట్టకారుతో అక్కడే అతికించి, గోటితో మూత పైకెత్తి చూసుకున్నాడు. ట్యాంకును పెట్టెలో సర్దుతూ నేను ఆ మూత దించబోయాను. చప్పున నా చెయ్యి పట్టుకున్నాడు.

"మూయమాకమ్మా. లోపల ఉక్కపోత."