ఇద్దరికీ ఒకే మంట

గురువారం పొద్దున ఏడున్నరకు షాద్‌నగర్‌లో ప్యాసింజర్ ఎక్కాను. జిరాక్స్ షాపులో పని చేస్తాను. పాటగాళ్లనూ వాద్యగాళ్లనూ పలకరించి రాయడం నా పిచ్చి. నేను రాసినవాటిని మా ఊరి చిన్న పత్రిక అచ్చువేస్తుంది. చాంద్రాయణగుట్టలో డప్పు వాయించే ఎల్లయ్య ఫోన్లో రెండుసార్లు రావద్దన్నాడు. అయినా బయలుదేరాను.

ఎదురుగా కూరగాయల గంపతో కూర్చున్నామె నా సంగతి విని, "ఆయన వద్దంటుంటే ఎందుకు పోతున్నవ్ బిడ్డా?" అంది.

"ఎందుకు వద్దంటుండో తెలుస్తది కద" అన్నాను.

ఫలక్‌నుమాలో దిగి, చాయ్ తాగి, షేర్ ఆటోలో చాంద్రాయణగుట్ట చేరాను. ఫ్లైఓవర్ పక్క గల్లీలో ఇల్లు చూపించారు. ఎల్లయ్య కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు, డప్పు ముచ్చట మాత్రం చెప్పనన్నాడు. నేనూ లేవలేదు. చివరికి ఆయనే విసిగి చెప్పాడు.

"పోయినేడు ఒకాయన వచ్చి నా ఒక్కని ఫోటోనే పేపర్ల ఏసిండు. పక్కన నిలబడ్డ నా తమ్ముడు నర్సింహను ఫోటోలకెల్లి కోసేసిండు. నేనే చెప్పి ఏయించుకున్ననని వాడు అలిగి పోయిండు. ఇప్పుడు నీతోని ఒక్కన్నే మాట్లాడితే వాడన్నది నిజమైతది."

వాయించే ముందు డప్పును మంట దగ్గర కాచాలి, అప్పుడే తోలు బిగిసి మోగుతుంది. డప్పు వాయించేవాళ్లలో ఒక జట్టువాళ్లంతా ఒకే మంటకు కాస్తారు. వేరే మంట పెట్టుకున్నాడంటే జట్టు విడిచినట్టే. అన్నదమ్ములిద్దరూ ఏడాదిగా ఒక మంట దగ్గర నిలబడలేదు.

"ఆయన వస్తే మాట్లాడతవా బాపు?"

"వాడు రాడు."

వద్దని మాత్రం అనలేదు. నాకు అది చాలు. అఫ్జల్‌గంజ్ బస్సెక్కాను.

పదకొండు దాటాక, అఫ్జల్‌గంజ్ పక్కనే ఉన్న ఉస్మాన్‌గంజ్ మార్కెట్లో మిరపకాయ బస్తాల ఘాటుకు దగ్గుకుంటూ నర్సింహను పట్టుకున్నాను. అక్కడ హమాలీ పని చేస్తాడని గల్లీలోవాళ్లు చెప్పారు.

"మా అన్న పంపిండా?"

"లేదన్నా. నువ్వు లేకుంటే మాట్లాడనన్నడు."

"గట్లన్నడా?" బస్తా దించి నా మొహంలోకి చూశాడు. "పనున్నది. పో అమ్మా."

పోలేదు. అక్కడే ఒక బస్తా మీద కూర్చున్నాను. బండి దగ్గర తహారీ అన్నం తిని మళ్లీ వచ్చి కూర్చున్నాను. తోటి హమాలీ నవ్వాడు. "నర్సింహ భాయ్, ఈమె లేవదు. పోయి రా."

రెండింటికి లారీ నిండింది. నర్సింహ ముఖం కడుక్కుని, "డప్పు ఇంటికాడున్నది, తెచ్చుకుంట" అన్నాడు.

ఆ డప్పు తీసుకుని మేము చాంద్రాయణగుట్ట చేరేసరికి ఎల్లయ్య వాకిట్లో ఉన్నాడు. తమ్ముణ్ని చూసి పుల్లలు, అట్టముక్కలు పోగేసి మంట పెట్టాడు. నర్సింహ గేటు దగ్గరే ఆగి, కింద పడ్డ కాగితాలు ఏరుతూ జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. రెండో మంట వెలిగిందంటే నేను పొద్దుటి నుంచి తిరిగిందంతా దండగే, పైగా తెగిన బంధాన్ని నా కళ్ల ముందే ఇంకోసారి తెంపించినదాన్నవుతాను.

ఎల్లయ్య తన డప్పుతో ఓ పక్కకు జరిగాడు. మంటకు ఆ వైపు ఖాళీ అయింది. నర్సింహ అది చూసి, అగ్గిపెట్టె జేబులో వేసుకుని వచ్చి తన డప్పును అక్కడ పట్టాడు.

నేను ఆత్రం ఆపుకోలేక ఫోన్లో రికార్డు నొక్కి మొదటి ప్రశ్న అడిగేశాను.

"గిప్పుడు కాదు, డప్పుల వేడి పోతది" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

వాయించారు. ఆ తర్వాత పొద్దు వాలేదాకా ఇద్దరూ ఒకరి మాటకు ఇంకొకరు అడ్డంపడుతూ చెప్పారు.

లేచేముందు పేర్లు ఎట్లా వేయమంటారని అడిగాను.

"వాని పేరు ముందు ఏయ్" అన్నాడు ఎల్లయ్య.

"ఏంది నాది? పెద్దోడు ఆయన, ఆయనదే ముందు" అన్నాడు నర్సింహ.

మళ్లీ లొల్లి మొదలైంది. అది తెగకముందే నా రైలు వేళయింది. ఫలక్‌నుమాలో ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నాను. ఎవరి పేరు ముందు వేసినా రెండోవాడు నన్ను తిడతాడు. షాద్‌నగర్ వచ్చేదాకా ఆ తిట్లు తలుచుకుని నవ్వుకున్నాను.