పనికిరాని మట్టి

ఎనభైల మొదట్లో ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. మట్టిని పరీక్షించే ఇంజినీరుని నేను. ఎక్కడైనా కొత్త హైవే వేస్తున్నారంటే ఓక్లహోమా దాకా కారులో వెళ్ళి, అక్కడి మట్టి రోడ్డు బరువు మోస్తుందో లేదో చూసి రాసివ్వాలి. నేను పనికిరాదని రాస్తే ఆ మట్టిని తవ్వి, ట్రక్కుల్లో తీసుకెళ్ళి పారబోస్తారు. దేశానికి కొత్తవాణ్ణి. నా సంతకానికి అంత బలం ఉండటం భలే నచ్చేది.

ఒకసారి ఓక్లహోమాలో ఒక వాగు గట్టున బంకమట్టి తగిలింది. కొంచెం తడిపి, గాజుపలక మీద అరచేత్తో దారంలా పేనుతున్నాను. సన్నగా పేనినా తెగని మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, రోడ్డును బతకనివ్వదు. అది ఎంతకీ తెగలేదు.

అంతలో ఒక ముసలావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. అక్కడి మూలవాసుల్లో కుండలు చేసే మనిషి. నన్నడక్కుండానే చిటికెడు మట్టి తీసుకుంది. అచ్చం నాలాగే పేని, వేలికి చుట్టి చూపించింది. ఎక్కడా పగల్లేదు. ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి మన్ను లేదని చెప్పింది. నేను నవ్వి, ఫారంలో 'పనికిరాదు' అని రాశాను.

మర్నాడు మళ్ళీ వచ్చింది. చిన్న నల్ల కుండ ఒకటి నా చేతిలో పెట్టి, మాట మొదలుపెట్టింది. తనవాళ్ళను ఎప్పుడో సైన్యం తూర్పు నుంచి ఇక్కడికి తోలుకొచ్చిందట. పాత చోటి మన్ను లేక కుండలు చెయ్యడమే మానేశారట. ఈ గట్టును వెతికి పట్టుకున్నది వాళ్ళమ్మ. ఎలాగూ పారబోసేదే కదా, రెండు ట్రక్కులు తన పెరట్లో పోయించమని అడిగింది. తను పోయాక నేర్చుకునేవాళ్ళకి కూడా మిగులుతుందంది.

ఫోర్‌మన్ సరేనన్నాడు. ఆవిడ ఇల్లు ట్రక్కులు వెళ్ళే దారిలోనే ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ.

రూల్స్ ఒప్పుకోవన్నాను. అలాంటి రూలేదీ లేదు. ఆఫీసులో నా యాసకు నవ్వేవాళ్ళు, నా పేరును సగానికి నరికి పిలిచేవాళ్ళు. ఇన్నాళ్ళకు నన్ను బతిమాలే మనిషి ఒకరు దొరికారు. ఆ సుఖం వదులుకోబుద్ధి కాలేదు, అంతే. షాపులో సంచుల్లో మట్టి అమ్ముతారు, కొనుక్కోమని సలహా కూడా ఇచ్చాను.

ఆవిడ కోప్పడలేదు. "అది మంచి మన్నని నీ వేళ్ళకి తెలుసు," అనేసి వెళ్ళిపోయింది. కుండ తిరిగి అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

ఆ గట్టంతా తవ్వి ఒక పాత క్వారీ గోతిలో పోశారు. దానిమీద ఊరి చెత్త పోశారు. దగ్గరుండి చూసి, పని పూర్తయిందని సంతకం పెట్టాను. ఆవిడ మళ్ళీ ఒక్క కుండా చెయ్యలేదని కొన్నాళ్ళకు ఫోర్‌మన్ చెప్పాడు. అయ్యో అన్నాను, భోజనానికి వెళ్ళాను.

తర్వాత ప్లేనోలో ఇల్లు కొన్నాం. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ హాల్లో ఉన్న ఆ నల్ల కుండ దగ్గర ఆగిపోయింది. ఓక్లహోమాలో పనిమీద వెళ్ళినప్పుడు దొరికిందని చెప్పాను.

"ఎంత బాగుందండీ. ఈసారి డ్రైవ్ చేసుకుని అటు వెళ్తే మాకూ ఒకటి తెచ్చిపెట్టండి."

"ఇంక దొరకవండీ. ఇదే ఆఖరిది," అన్నాను.

అందరూ ఇంకాస్త దగ్గరికొచ్చి చూశారు. నాకు చాలా గర్వంగా అనిపించింది.