అచ్చుకెక్కని అధ్యాయం

దెయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. చిన్నప్పుడు మా ఊళ్లో శ్మశానం పక్కనుంచే బడికి వెళ్లేవాళ్లం, ఏనాడూ భయపడి ఎరగను. ఇది మాత్రం నా కళ్లెదుట జరిగింది.

ఉప్పు సత్యాగ్రహం అయిన నాలుగైదేళ్లకి జరిగిన సంగతి. ఏలూరులో మాది ఉమ్మడి కాపురం. మా బావగారు, అంటే మా వారి అన్నగారు, పేరున్న పండితులు. ఆయన భార్యని నేను అక్కయ్య అనేదాన్ని. ఆవిడకి పిల్లలు లేరు, చదువు రాదు.

తాడేపల్లిగూడెం వైపు, దానధర్మాలకి పేరుపడ్డ ఒక పెద్దావిడ స్వీయచరిత్ర రాసి చనిపోయింది. పరిష్కరించి అచ్చు వేయించమని ఆవిడ కొడుకులు బావగారికి ఇచ్చారు. ఒక అధ్యాయం మాత్రం తీసెయ్యమన్నారు. ఆయన ఆ కాగితాలు ఎవరికీ చూపించకుండా, తన చేతులతోనే పొయ్యిలో పెట్టారు. పుస్తకం జిల్లా అంతా చదివింది. బావగారికి సన్మానాలు జరిగాయి.

ఒక మధ్యాహ్నం నేనూ అక్కయ్యా వసారాలో బియ్యం ఏరుతున్నాం. ఆవిడ ఉన్నట్టుండి చేట కింద పెట్టింది.

"పడవలో మా సుభద్ర నా ఒళ్లో తల పెట్టుకుంది. కొల్లేటికోట దాటాక చలేస్తోందమ్మా అంది. కొంగు కప్పాను. పడవవాడితో మా పెద్దాడే మాట్లాడాడు. నేను నోరెత్తలేదు."

"సుభద్ర ఎవరక్కయ్యా?" అన్నాను.

"మా అమ్మాయి. మొగుడు పోయిన పిల్లకి నెల తప్పిందని నీళ్లలో వదిలేశాం."

బావగారు గదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. అక్షరం పొల్లుపోకుండా ఆ కాల్చేసిన అధ్యాయమేనట. సుభద్ర పేరు తను ఇంట్లో ఎవరి దగ్గరా ఎత్తలేదని సాయంత్రం మా వారితో చెప్పారు.

ఆనాటినుంచి అక్కయ్య తన సొంత మాట మాట్లాడలేదు. డాక్టరు మందులిచ్చాడు. భూతవైద్యుడూ వచ్చి వెళ్లాడు. బావగారు తాడేపల్లిగూడెం వెళ్లి, రెండో కూర్పులోనైనా ఆ అధ్యాయం వేద్దామని బతిమాలారు.

"వెయ్యడానికి కాగితాలేవండీ?" అన్నారట కొడుకులు.

అక్కయ్య అన్నం మానేసింది. "నేనే, మీ ఆయన్ని. ఒక్కసారి ఇటు చూడవే," అని బావగారు చెయ్యి పట్టుకుంటే, పరాయి మగాడు ముట్టుకున్నట్టు లాక్కునేది. పోయే ముందు మాత్రం ఆయన వైపు తిరిగింది.

"పంతులుగారూ, మా పిల్లనేం చేశారండీ?"



బావగారు నిద్రలో పలవరించి ఉంటారు, వదిన విని ఉంటుంది అనేవారు మా వారు. కావచ్చు. కానీ పలవరింత విన్న మనిషి కన్నతల్లిలా అలా కుమిలిపోతుందా? ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

ఆ పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. అందులో ఆ పెద్దావిడకి ఉన్నది కొడుకులే.