వాసన లేని పూలు

నిన్న మధ్యాహ్నం భవానీపురంలో మా ఫ్లాట్ తలుపు తీసి ఉంటే, పక్కింటివాళ్ల కుండీలో ఎండి రాలిన కాగితం పూలు గాలికి గచ్చు మీద గరగరమంటూ లోపలికి వచ్చాయి. ఎవరో చెప్పులీడ్చుకుంటూ వస్తున్నారనుకుని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. ఇబ్రహీంపట్నంలో మా మేనత్త ఇల్లు గుర్తొచ్చింది.

తొంభైల్లో మావయ్యకి అక్కడి థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. వాళ్ల గేటు మీదికి కాగితం పూల తీగ పాకి ఉండేది. ఆకుల నిండా దుమ్ము పట్టినా పూలు మాత్రం రాణీ రంగులో మండిపోతుండేవి. ఆ ముళ్లకి నా గౌన్లు ఎన్ని చిరిగాయో లెక్కలేదు. అత్తయ్య కూతురు, నాకు వదిన, ఆ పూలే తల్లో పెట్టుకుని చర్చికి బయల్దేరేది. "వాసన లేని పూలు ఎవరన్నా పెట్టుకుంటారటే? తీసెయ్" అంటూ అత్తయ్య మల్లెపూలు పట్టుకుని వెంటపడేది. వదిన దొరికేది కాదు. దొరికినా ఒక పువ్వు చెవి వెనక దాచుకునేది.

వదిన పదో తరగతిలో ఉండగా మెదడువాపు జ్వరం వచ్చి పోయింది. అత్తయ్య గేటు మీది కొమ్మ ఒకటి విరిచి తీసుకెళ్లి సమాధి దగ్గర గుచ్చింది, నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా బతుకుతుందని. బతకడమేమిటి, నాలుగేళ్లు తిరక్కుండా సమాధినే మింగేసింది. సమాధుల పండక్కి అందరూ సున్నాలు వేసి కొవ్వొత్తులు వెలిగించుకుంటుంటే, మేము ముళ్లకి ఇవతల నిలబడేవాళ్లం. ఒక ఏడు మావయ్య కత్తి తెచ్చాడు. "దాని పేరు చూసి ఎన్నాళ్లయిందే" అన్నాడు. అత్తయ్య అడ్డం నిలబడింది.

"కొట్టకండి. బతికుండగా పెట్టుకోనివ్వలేదు. ఇప్పుడన్నా పెట్టుకోనివ్వండి."

మావయ్య కత్తి సంచిలో పెట్టేశాడు.

ఇంట్లో ఎండిన పూలు గచ్చు మీద కదిలినప్పుడల్లా అత్తయ్య వంటింట్లోంచి "వచ్చావా?" అనేది. మామూలుగా, బడి నుంచి వచ్చిన పిల్లని అడిగినట్టే. నాకు భయమేసేది. మావయ్య మాత్రం టీవీ సౌండు తగ్గించేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక అత్తయ్య కూడా పోయింది. కూతురి పక్కన చోటు కావాలంటే తీగ కొట్టక తప్పలేదు. మావయ్య ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గొయ్యికి ఎంత కావాలో అంతే కొట్టాడు. వదిన పేరు మీది కొమ్మల్ని అలాగే వదిలేశాడు. పెట్టె మూసే ముందు, కొట్టిన కొమ్మ నుంచి ఒక గుత్తి తుంచి, మల్లెలు తప్ప ఎరగని అత్తయ్య జడలో పెట్టాడు. చేతుల నిండా ముళ్లు గీరుకుని రక్తం కారుతోంది.

"వాసన లేకపోతే పోనీలే" అన్నాడు.

ఇప్పుడా తీగ ఇద్దర్నీ కప్పేసింది. నిన్న వచ్చిన పూలని సాయంత్రం దాకా ఊడ్వలేకపోయాను. ఇన్నేళ్లూ ఆ రోజులు గడిచిపోయాయనే అనుకుంటూ వచ్చాను. గచ్చు మీద అవి మళ్లీ కదిలినప్పుడు, "వచ్చారా?" అన్నది నా గొంతే.